ఛైర్మన్‌గారి కింద నిప్పు

ఆ పొద్దున బురద ఇంజనీరు పెట్టుకున్న పని ఒక్కటే: ఛైర్మన్ రాగానే బాయిలర్లో తన ఇటుకలు మండించి చూపించడం. బొగ్గు కడిగాక మిగిలే నల్లటి బురదను ప్లాంటువాళ్లు గోతుల్లోకి వదిలేస్తుంటే, ఆయన దాన్ని ఎత్తించి, గంజి కలిపి, అచ్చుల్లో పోసి ఎండబెట్టించాడు. బురద ఇంజనీరన్న పేరు అలా వచ్చిందే. ఇవాళ మండకపోతే ఈ ప్రయోగానికి మంగళం పాడతానని మేనేజరు ముందే చెప్పి ఉన్నాడు.

"ఇంట్లో చొక్కాలన్నీ మసి చేశారు. ఇటుకలైనా మండితే అదే పదివేలు," అంది భార్య, ఉతికిన చొక్కా అందిస్తూ.

తీరా వెళ్లి చూస్తే ఎండబెట్టిన చోట ఒక్క ఇటుకా లేదు. ఆవరణ అద్దంలా ఉంది. మధ్యలో నల్లగా నిగనిగలాడుతూ ఓ వేదిక, దానిమీద తివాచీ, తివాచీమీద కుర్చీ, కుర్చీలో ముందే వచ్చేసిన ఛైర్మన్.

చెత్త కంటపడకూడదని మేనేజరు హుకుం జారీ చేశాడట. ఉన్నదాన్ని పారేయడమెందుకని మేస్త్రి దాంతోనే వేదిక పేర్చేశాడట. మేనేజరు అతని భుజం కూడా తట్టాడట.

"సార్, అది వేదిక కాదు, ఇంధనం," అన్నాడు ఇంజనీరు నీరసంగా.

"అయితే ఆయన్ని లేవమంటావా? మిగిలినవేవో వేసెయ్," అన్నాడు మేనేజరు పళ్ల బిగువున.

మిగిలినవి అప్పుడే పోసిన పచ్చి ఇటుకలు. గత్యంతరం లేక వాటినే బాయిలర్లోకి తోశారు. మంట రాలేదు గానీ పొగ ఆవరణంతా కమ్మేసింది. ఛైర్మన్ కళ్లు నులుముకుంటూ మైకు అందుకుని, బురద ఎప్పటికీ బురదేనని ఉపన్యాసం మొదలెట్టాడు. ప్రతి మాటకీ మేనేజరు తలాడించాడు. ఇంజనీరుకు కాళ్ల కింద భూమి చీలితే బాగుండుననిపించింది.

అతిథుల టీ చల్లారకూడదని క్యాంటీను వంటవాడు నిప్పుల కుంపటి తెచ్చి వేదికకు ఆనించి పెట్టాడు. పొగలో పొగ కలిసిపోయి ఎవరూ గమనించలేదు. ఉపన్యాసం ఎంతకీ తెగలేదు. సాగేకొద్దీ ఛైర్మన్ కాలు మార్చి కాలు ఎత్తుతున్నాడు. ఆవేశమనుకుని జనం చప్పట్లు కొట్టారు. చివరికి తివాచీ అంటుకుంది. ఛైర్మన్ మైకు వదిలేసి, వయసు మరిచి కిందికి దూకాడు.

బకెట్లకొద్దీ నీళ్లు పోసినా ఆరలేదు. వేదిక మధ్యాహ్నం దాకా ఎర్రగా, నిండుగా మండింది. ఛైర్మన్ దూరంగా నిలబడి తేరిపార చూశాడు.

"ఇదేం బొగ్గయ్యా?"

ఇంజనీరు నోరు తెరిచేలోగా మేనేజరు ముందుకొచ్చాడు. "మన బురదే సార్. తమరికి దగ్గర్నుంచి చూపిద్దామని నేనే వేదిక కట్టించాను."

వారం తిరక్కుండా ప్రాజెక్టు మంజూరైంది, మేనేజరు దానికి అధిపతి అయ్యాడు. బురద ఇంజనీరుకు కొత్త వేదిక కట్టించే పని అప్పజెప్పారు, ఈసారి మండని ఇటుకలతో.