మంగళవారం పది గంటలకు పడిపోవును

మంగళవారం పొద్దున్న సరిగ్గా పది గంటలకు సాఫ్ట్‌వేర్‌ని పడగొట్టాలని బిందుమాధవి ఆదివారమే ముహూర్తం పెట్టుకుంది. అది పరాయివాళ్ళ సాఫ్ట్‌వేర్ కాదు. అరకులోయ కాఫీ రైతుల సంఘం కోసం ఏడాదిపాటు కంటిమీద కునుకు లేకుండా తనే తయారుచేసింది. ఏ ఊళ్ళో పండు కోతకి వచ్చింది, ఏ జీపు ఎక్కడికి వెళ్ళాలి, ఎవరి బుట్టలు ఎన్ని, ఇవన్నీ అదే చూసుకోవాలి. కాఫీ పండు కోసిన మర్నాటికల్లా తొక్క తీసే మిషన్లో పడాలి, లేకపోతే పులిసి పాడైపోతుంది. కాబట్టి జీపు ఒక్కపూట తప్పినా రైతు కష్టం మట్టిపాలే.

గురువారం నుంచి కోత మొదలు. ఆ రోజే విశాఖపట్నం నుంచి రైతు సంఘాల పై ఆఫీసరు దేవీప్రసాద్ గారు తనిఖీకి వస్తున్నారు. ఆయన తల ఊపితే సాఫ్ట్‌వేర్ ఉంటుంది, తల అడ్డంగా తిప్పితే సంఘం పాత పుస్తకాల్లోకి పోతుంది, బిందుమాధవి సాలూరు బస్సెక్కి ఇంటికి పోతుంది. గురువారం పడేదేదో మంగళవారమే పడిపోతే ఎలా పడిందో, ఎంతసేపట్లో లేచిందో చూసి మరమ్మతు చేసుకోవచ్చని ఆమె ఆలోచన.

ఈ ఆలోచన మేనేజరు సింహాచలానికి బొత్తిగా రుచించలేదు. సర్వర్ డబ్బా ఆఫీసులోకి వచ్చిన రోజున దానికి కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చి కట్టిన మనిషి ఆయన.

"నిలబడ్డదాన్ని పనిగట్టుకుని పడేత్తానంటావేటమ్మా? అదేటి సేసింది మనకి?" అన్నాడు.

బిందుమాధవి ఓపిగ్గా చెప్పింది. లేని ఊళ్ళు పది సృష్టించి, ఆ ఊళ్ళలో లేని రైతుల్ని మూడువేలమందిని పుట్టించి, అందరిచేతా ఒక్కసారే జీపులు అడిగిస్తుందట. ఆ ఊళ్ళకి పరీక్షపల్లి, తప్పులవలస అని పేర్లు కూడా పెట్టింది. రైతుల ఫోన్లకి మెసేజీలు పోకుండా మీట కూడా ఆపేసింది. ఇంత చెప్పాక సింహాచలానికి బోధపడింది ఒక్కటే: మంగళవారం పది గంటలకి మిషను పడుతుంది, ఆ టైములో ఎవరూ దాని జోలికి రాకూడదు. ఆ ముక్క ఊళ్ళకి చెప్పాలి. సగం ఊళ్ళకి సిగ్నల్ లేదు కాబట్టి ఆయన సోంబరుని పిలిచాడు.

సోంబరు బారికి. నలభై ఏళ్ళుగా డప్పు భుజాన వేసుకుని కొండలెక్కి కబుర్లు మోస్తున్నాడు. ఆ చుట్టుపక్కల జనానికి ఒక అలవాటుంది. చాటింపు వినగానే, "అయితే మమ్మల్నేటి సెయ్యమన్నారు?" అని అడుగుతారు. జవాబు లేకపోతే బారికిని వెనక్కి పంపి కనుక్కురమ్మంటారు. మోకాళ్ళ నొప్పులు మొదలైన దగ్గర్నుంచి సోంబరు ఆ జవాబేదో తనే ఆలోచించి, కబురుకి కలిపి పట్టుకెళ్తున్నాడు. ఇప్పటిదాకా ఎవరికీ నష్టం రాలేదు.

ఒక కొండ మీద అతను వేసిన చాటింపుని పక్క కొండ బారికి అందుకోగా, సోమవారం పొద్దున్నే కొండలన్నీ విన్నాయి. "సంఘం మిషను మంగళవారం పది గంటలకి పడిపోతాదంటహో! పండున్నోళ్ళు ఆలోపు బేగి తెచ్చి రాయించుకోండహో!" ఇందులో మొదటి వాక్యం ఆఫీసుది, రెండోది మోకాళ్ళది.

మంగళవారం ఏడు గంటలకి బిందుమాధవి మంచులో టీ తాగుతూ ఆఫీసు తలుపు తీసేసరికి పెరట్లో కాలు పెట్టే చోటు లేదు. ఎర్రటి పండ్లు నిండిన బుట్టలు గేటు దాటి పాడేరు రోడ్డు దాకా ఉన్నాయి. నలభై ఊళ్ళ వాళ్ళు సోమవారం పగలంతా కోసి, తెల్లారకముందే దిగిపోయారు. సంఘం జీపులు పదకొండూ పిలవకుండానే వచ్చి పండు దించుతున్నాయి. ఆమె టీ గ్లాసు గట్టు మీద పెట్టేసి, ఎవరు రమ్మన్నారని బుట్టల మధ్య అడుగుతూ తిరిగింది. సింహాచలం మాత్రం తన కళ్ళ ముందు ఇంత వ్యాపారం చూసి ఉబ్బి తబ్బిబ్బయి, బల్ల వేసుకుని కంప్యూటర్లో నమోదు మొదలుపెట్టేశాడు.

వరస ఎంత పొడుగుంటే అంత గొప్ప వింత ఉంటుందని యాత్రికులకి నమ్మకం. బొర్రా గుహలకి వెళ్తున్న రాజమండ్రి కుటుంబం ఒకటి కారు ఆపి వరసలో నిలబడింది. వాళ్ళ వంతు రాగానే సింహాచలం తల ఎత్తకుండా ఎన్ని అని అడిగాడు. ఆ ఇంటాయన నలుగురు పెద్దలు, ఇద్దరు పిల్లలు అన్నాడు. సింహాచలం ఆరు బుట్టలు రాసుకుని, వెయ్యీ నలభై మూడో నంబరు చీటీ ఇచ్చాడు. చీటీ దొరికిందన్న సంబరంలో వాళ్ళు తొక్క తీసే మిషన్ దగ్గరికి వెళ్ళి ఫొటోలు దిగారు. వాళ్ళని చూసి ఇంకో రెండు కార్లు ఆగాయి. పదికల్లా సంఘానికి కొత్తగా పదిహేడుమంది కాఫీ రైతులు తయారయ్యారు. అందులో ఒకాయన పంటి డాక్టరు.

ఈ గొడవలో బిందుమాధవి ఒక్క సంగతి మరిచిపోయింది. పరీక్ష పది గంటలకి దానంతట అదే మొదలయ్యేలా ఆదివారమే పెట్టి ఉంచింది. అది గుర్తొచ్చి గదిలోకి పరుగెత్తేసరికి పదీ ఒక నిమిషం అయింది. లేని రైతులు మూడువేలమంది వచ్చి ఉన్న రైతుల మీద పడ్డారు. స్క్రీన్ ఒకసారి వణికి తెల్లబోయింది.

పడటం వరకు అనుకున్నట్టే పడింది. పడిన నిమిషంలో దానంతట అదే లేచేలా ఏర్పాటు చేసిందీ ఆమే, అలాగే లేచింది. లేచి, ఇందాక ఎక్కడ ఆగిందో గుర్తులేక, పనంతా మొదటినుంచి మొదలుపెట్టింది. ఆమె మెసేజీలు ఆపింది రైతులకే, డ్రైవర్లకి ఆపలేదు. పదకొండు ఫోన్లు ఒక్కసారి మోగాయి. కబురందిన అయిదు నిమిషాల్లో కదలని జీపుకి ఆ వారం వంతు లేదని సంఘం నిబంధన. సగం దించిన పండుతో, తలుపులు కూడా సరిగ్గా వెయ్యకుండా, పదకొండు జీపులూ దుమ్ము రేపుకుంటూ లేని ఊళ్ళని వెతుక్కుంటూ పోయాయి.

సాఫ్ట్‌వేర్ మళ్ళీ పడింది, మళ్ళీ లేచింది, మళ్ళీ మొదటినుంచి చెప్పింది. పరీక్షపల్లికి బయల్దేరిన జీపుని తప్పులవలసకి తిప్పింది. మూడోసారి లేచినప్పుడు డ్రైవర్ కామేష్ ఎక్కడో కొండమలుపు మీద సిగ్నల్ దొరికించుకుని ఫోన్ చేశాడు.

"మేడమ్, తప్పులవలస ఏ పక్క? మూడు కొండలు దాటేసినాం. అడిగినోళ్ళందరూ పైకి పొమ్మంతన్నారు."

"అలాంటి ఊరు లేదు కామేష్, వెనక్కి వచ్చెయ్."

"లేదంటే ఎలాగ మేడమ్, మెసేజీ మూడుసార్లొచ్చింది," అన్నాడు. సిగ్నల్ పోయింది.

బిందుమాధవి ఇంక ఆలోచించలేదు, సర్వర్ తీగ గోడలోంచి పీకేసింది. నిమ్మకాయ ఊడి ఆమె పాదం మీద పడింది. ఆ రోగం అప్పటికి ఆమెకి అర్థమైంది. దానికి పడటం జబ్బు కాదు, లేవటమే జబ్బు. కానీ ఆ జ్ఞానంతో పండు ఆగదు. ఏ బుట్ట ఎవరిదో చెప్పే స్క్రీన్ చచ్చింది, పావువంతు సరుకు కొండల మీద తిరుగుతోంది, ఎండెక్కుతోంది. బయటికొచ్చి పెరటి గట్టు మీద కూర్చుని ఏడ్చేసింది.

సంఘం అధ్యక్షురాలు ఈశ్వరమ్మ వచ్చి పక్కన కూర్చుంది. రెండెకరాల కాఫీ తోట ఉన్న కొండ రైతు ఆమె, నలుగురు మాట్లాడే చోట ఒక్క మాటతో సరిపెట్టే మనిషి. ఏడుపు దేనికని అడిగింది. ఏ బుట్ట ఏ ఊరిదో తెలీక పండంతా కుళ్ళిపోతుందని బిందుమాధవి చెప్పింది.

"తెలీకపోడమేటమ్మా? ఆకు సూడు," అంది ఈశ్వరమ్మ.

చూస్తే ప్రతి బుట్ట మూతికీ ఒక ఆకు కట్టి ఉంది. ఒక ఊరివాళ్ళు పనసాకు, ఒక ఊరివాళ్ళు అడ్డాకు, ఇంకో ఊరివాళ్ళు మామిడాకు కడతారు. ఆకుకి వేసిన ముడులు ఇంటి గుర్తు. తాతల నాటినుంచీ సంతకి అలాగే తెస్తున్నారు. ఏడాదిపాటు అక్కడే తిరిగినా, ఆ ఆకులు బుట్టల అందానికని బిందుమాధవి అనుకుంది. ఈశ్వరమ్మ లేచి నిలబడి ఆకులవారీగా వరసలు చెయ్యమంది. పావుగంటలో పెరడు సర్దుకుంది, మిషన్ తిరగడం మొదలైంది. చీటీ ప్రకారం తమ ఆరు బుట్టలూ ఎక్కడని అడగబోయిన రాజమండ్రి ఆయనకి ఎవరో చేట ఇచ్చి పండు చెరగమన్నారు. కుటుంబంతో సహా మధ్యాహ్నం దాకా చెరిగాడు.

జీపుల సంగతి సోంబరు చూసుకున్నాడు. తప్పు ఎక్కడ మొదలైందో అప్పటికి అతనికీ తెలిసింది, మొహం చిన్నబుచ్చుకుని ఆఫీసు వెనక గుట్టెక్కాడు. అడవిలోకి పోయినవాళ్ళని వెనక్కి పిలిచే దరువొకటుంది. అది వాయించాడు. పక్క కొండ మీద ఇంకెవరో అందుకున్నారు, ఆ పైకొండ మీద మరొకరు. డ్రైవర్లందరూ ఆ ఊళ్ళ పిల్లలే. పన్నెండున్నరకి పదకొండు జీపులూ తిరిగొచ్చాయి. సాయంత్రానికి ఒక్క పండు పులియకుండా అంతా మిషన్లో పడింది.

బిందుమాధవి దాచుకోలేదు. తన సాఫ్ట్‌వేర్ మూడుసార్లు పడిందని, పాత పుస్తకాలే నయమనిపిస్తే చెప్పమని ఈశ్వరమ్మతో అంది.

"ముందే సెప్పి పడ్డాది కదమ్మా," అంది ఈశ్వరమ్మ. "జీపులెప్పుడైనా సెప్పి ఆగినాయా? ఆఫీసర్లెప్పుడైనా సెప్పి మీద పడ్డారా? బాగు సేసుకో."

బుధవారం ఆ లేచే జబ్బుకి ఆమె మందు వేసింది. లేచాక వదిలిన చోటినుంచే అందుకునేలా చేసింది, ఆకుకీ ముడులకీ కూడా ఒక గడి పెట్టింది, డ్రైవర్ల ఫోన్లు ఆపించి మూడువేలమందిని మళ్ళీ తోలింది. పడింది, లేచింది, బుద్ధిగా నడిచింది. ఆమె ఆనందానికి పట్టపగ్గాలు లేవు. ఇంక గురువారం కోసం కాచుక్కూర్చుంది.

గురువారం దేవీప్రసాద్ గారు చెప్పిన టైముకే వచ్చారు. పండు మాత్రం రాలేదు. పండినదంతా కొండ మీద సోమవారమే కోసేశారు, తర్వాతి కాయ ఎరుపెక్కాలంటే పదిహేను రోజులు పడుతుంది. ఆ రోజు ఒక్క బుట్ట రాలేదు, ఒక్క జీపు కదల్లేదు, ఒక్క రైతు ఒక్క మీట నొక్కలేదు. సంగతి చెప్పబోయిన బిందుమాధవి కాలుని సింహాచలం బల్లకింద తొక్కిపట్టాడు. దేవీప్రసాద్ గారు కదలని స్క్రీన్ వంక అరగంటసేపు దీక్షగా చూసి, ఇంత ప్రశాంతంగా పనిచేసే సాఫ్ట్‌వేర్‌ని తానెక్కడా చూడలేదని మెచ్చుకుని, అన్ని సంఘాలకీ ఇదే పెట్టమని సంతకం చేసి వెళ్ళారు.