రెండో నంబరు షెల్టరులో గాజుల వేడుక

భూమండలం మీద ఇంతవరకు కట్టిన ఇళ్లన్నిటిలోకీ సురక్షితమైన ఇల్లు మదురైకి దక్షిణాన, నల్లరేగడి నేలలో, ఒక సున్నపురాయి గని నడిమధ్యన ఉంది. ఇది కంపెనీవారే ఆ ఇంటి తలుపు మీద అంటించిన మాట కాబట్టి అనుమానించడానికి వీల్లేదు.

ఆ ఆదివారం ఆ ఇంట్లో ఉన్నవారి వివరం: ఇంటి యజమాని వేలుసామి తాత, ఆయన భార్య పేచ్చియమ్మాళ్ అవ్వ, కోడలు పొన్ను, పొన్ను కూతురు దర్శిని, పదో తరగతి, కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడపడుచు మేనక, మేనక మొగుడు సత్యరాజ్, కోయంబత్తూరు పక్కన తుడియలూరులో పంపుసెట్ల వర్క్‌షాపులో పని, ఇక గని సేఫ్టీ ఆఫీసరు రాఘవేంద్రన్ గారు, పాయసం నిమిత్తం. ఇదేమీ ఎవరి నోటి లెక్కా కాదు. గుమ్మం పక్కన పది మేకులు కొట్టిన చెక్కపలక ఉంది. లోపలికి వచ్చినవాళ్లు తమ పేరున్న తగరపు బిళ్ళను ఒక మేకుకు తగిలించాలి; బయటికి వెళ్లేటప్పుడు తీసుకుపోవాలి. ఆ వేళకు ఏడు బిళ్ళలు గాలికి ఊగుతున్నాయి.

ఒక సంసారానికి పలక ఎందుకని అడిగేవాళ్లు గనుల చట్టం తెలియనివాళ్లు.

చుట్టుపక్కల చేలన్నీ కంపెనీ కొనేసింది. వేలుసామి తాత తన చేను ఇచ్చాడు గాని ఇల్లు ఇవ్వలేదు. కంపెనీ ఏ మాత్రం కోపం తెచ్చుకోలేదు. ఇంటిని ముట్టుకోకుండా దాని నాలుగు పక్కలా తవ్వుకుంటూ పోయింది. ఊరి బాటకు అడ్డంగా ఒక గేటు పెట్టింది. గేటు దాటి లోపలికి వచ్చే ప్రతి మనిషినీ 'సందర్శకుడు' అని గౌరవించింది. సందర్శకుడికి భద్రతా శిక్షణ ఇవ్వకుండా లోపలికి పంపడం నేరం. ఊరివాళ్లు ఆ శిక్షణను క్లాసు అంటారు. క్లాసులో ఒక సినిమా చూపిస్తారు, పరీక్ష పెడతారు, నెగ్గినవాళ్లకు కార్డు, హెల్మెట్, నారింజరంగు కోటు, మోకాలిదాకా వచ్చే బూట్లు ఇస్తారు. కార్డు గేటు దాటి బయటికి వెళ్లేవరకే చెల్లుతుంది. (మేనక వచ్చి పది రోజులైంది. బయటికి వెళితే మళ్ళీ క్లాసు కూచోవాలని ఆస్పత్రి చెకప్పు కూడా వాయిదా వేసుకుంది. ఆస్పత్రి గని బయట ఉంది; అక్కడ హెల్మెట్ అడగరు; అది ప్రమాదకరమైన చోటు.)

దర్శిని బడికి పోయి వచ్చే పిల్ల. అంటే ప్రతి సాయంత్రమూ సందర్శకురాలే. ఆ సినిమాలో ఒక బొమ్మమనిషి హెల్మెట్ లేకుండా గనిలోకి పోతాడు, నెత్తిమీద రాయి పడి చస్తాడు. దర్శిని ఎనిమిదో తరగతి నుంచి అతడు బడి ఉన్న ప్రతి రోజూ చస్తూనే ఉన్నాడు. ఇంటికి రాగానే అవ్వ అడిగేది.

"ఏమే పాపా, ఈదినం కూడా చచ్చినాడా వాడు?"

"చచ్చినాడు అవ్వా."

"అయ్యో పాపం. బుద్ధి రాలేదే వానికి."

దర్శిని ఇంతకన్నా ఎక్కువ మాట్లాడే పిల్ల కాదు. బడిలో హాజరు పిలిచినా చెయ్యెత్తేదే గాని నోరెత్తేది కాదు. ఆమె గొంతు ఎలా ఉంటుందో క్లాసు టీచరుకు ఈనాటికీ తెలియదు.

బూట్ల విషయంలో మాత్రం మొదట్లో కొంత ఘర్షణ జరిగింది. గనిలో ఎక్కడా బూట్లు విప్పకూడదని కంపెనీ చట్టం. చెప్పులతో గడప దాటకూడదని పేచ్చియమ్మాళ్ చట్టం. ఆమెది కంపెనీకన్నా పాతది. వాళ్ల పూర్వీకులు కృష్ణానది దాటి ఈ తమిళదేశానికి వచ్చినప్పుడు బంగారం తేలేదు గాని ఆ చట్టాన్ని తెచ్చుకున్నారట. రాఘవేంద్రన్ గారు టేపు పెట్టి గడపను కొలిచారు. గడపకు ఇవతల గని, అవతల అవ్వ అని తీర్మానం రాశారు. ఆనాటి నుంచి ఎంతటివారైనా గుమ్మం ముందు కూచుని బూట్ల తాళ్లు విప్పుకునే లోపలికి రావాలి.

ఎంతటివారైనా ఎందుకు వస్తారంటే, ఆ ఇల్లు కంపెనీ పటంలో 'రెండో నంబరు షెల్టరు'. గనిలో పేలుడు పెట్టే ముందు సైరన్ మూడుసార్లు మోగుతుంది, మూడోది ఆగగానే పేలుడు; ఆలోగా ఎక్కడివాళ్లు అక్కడ దగ్గరి షెల్టరులో దూరాలి. కంపెనీ కొత్త షెల్టరు కట్టబోయింది గాని, తాత కట్టిన రాతిగోడలు, కాంక్రీటు కప్పు చూసి ఆ ఖర్చు అనవసరమనుకుంది. అప్పటినుంచి రోజూ సాయంత్రం నాలుగున్నరకు ముందు ఎవరో ఒకరు వచ్చి వాళ్ల వంటింట్లో కూచుంటారు. పొన్ను అందరికీ మజ్జిగ ఇస్తుంది. పేలుడుమందు కోసం రాతిలో రంధ్రాలు వేసే కూలీలకు ఆవకాయ జాడీ ఎక్కడుందో సత్యరాజ్ కన్నా బాగా తెలుసు.

ఆ ఆదివారం మేనకకు గాజుల వేడుక. అక్కడివాళ్లు వళకాప్పు అంటారు. మొదట వేపరెమ్మను గాజులా చుట్టి చేతికి తొడగాలి, తర్వాత గాజుగాజులు మోచేతిదాకా వేయాలి. వాటి చప్పుడు కడుపులో బిడ్డకు వినబడాలి. రోజూ నాలుగున్నరకు పేలుడు చప్పుడు వింటున్న బిడ్డకు ఇంకో చప్పుడు కూడా ఉంటుందని తెలియాలిగా అని అవ్వ పట్టుదల. ఆదివారం నాలుగున్నరకు రాహుకాలం. (పేలుడును చూసి రాహువు ఆ వేళ పెట్టుకున్నాడో, రాహువును చూసి కంపెనీ పెట్టుకుందో తెలియదు.) ఆలోపల గాజులు పడాలి.

గాజులు మాత్రం రాలేదు. దర్శిని నాయన పాండియన్ పొద్దున్నే బస్సులో మదురై పోయి గాజులు కొన్నాడు. తుడియలూరు నుంచి వ్యాన్‌లో వచ్చిన చుట్టాలను గేటు దగ్గర కలుసుకున్నాడు. అందరూ క్లాసులో కూచున్నారు. చుట్టాలు సినిమా మొదటిసారి చూస్తున్నారు కాబట్టి బొమ్మమనిషి చచ్చినప్పుడు ఇద్దరు ముసలమ్మలు గట్టిగా ఏడ్చారు. వాళ్ల కోసం మళ్ళీ మొదటినుంచి వేయాల్సి వచ్చింది. మూడు గంటలకు పాండియన్ ఫోన్ చేశాడు.

"అమ్మా, నేను ఫెయిలు."

"ఏందిరా అడిగినారు?"

"సైరన్ మోగితే యాడికి పోతావని అడిగినారు. మా ఇంటికి పోతానని రాసినా. తప్పంట. రెండో నంబరు షెల్టరుకు పోతానని రాయాలంట."

"రెండూ ఒకటే దా గదరా!"

"అదే చెప్పినా. వాదన చేసినందుకు ఇంకో రెండు మార్కులు పోయె."

చుట్టాల్లోనూ ఒక్కరూ నెగ్గలేదు; గాజులు పెట్టెతో సహా గేటులో ఆగిపోయాయి. శిక్షణ పొందిన మనిషి వెంట ఉంటేనే అవి లోపలికి రావచ్చు. అప్పుడు అందరూ రాఘవేంద్రన్ గారి వైపు చూశారు. ఆయనది కోయంబత్తూరు ఆర్.ఎస్. పురం, ఆయన ఇంట్లోనూ తెలుగే. పాయసం తాగుతున్నంతసేపూ ఆయన తెలుగువాడు. గ్లాసు కింద పెట్టగానే ఆఫీసరు.

ఆయన గ్లాసు కింద పెట్టారు. ఆ పెట్టడంలో ఆయన చూపు మేనక కడుపు మీద పడింది.

"ఎన్నో నెల?"

"ఏడు సార్," అన్నాడు సత్యరాజ్.

"అంటే ఇక్కడ ఒకరి కార్డు మీద ఇద్దరు ఉన్నారు."

ఆయన హెడ్డాఫీసుకు ఫోన్ చేశారు. కడుపులో ఉన్నవాళ్లు సందర్శకులా, కాంట్రాక్టు కూలీలా అన్న విషయంలో నిబంధనలు ఏమీ చెప్పడం లేదని, అయినా జాగ్రత్త కోసం సందర్శకులుగానే పరిగణించమని అక్కడివాళ్లు సెలవిచ్చారు. రాఘవేంద్రన్ గారు తన సెల్‌ఫోన్‌లో సినిమా పెట్టి, దాన్ని మేనక కడుపుకు దగ్గరగా పట్టుకున్నారు. సినిమా ఇంగ్లీషులో ఉంది. (తమిళంలోనూ ఉంది గాని, బిడ్డ ఏ మీడియమో ఇంకా నిర్ణయం కాలేదు.) రాయి పడేచోట మేనక ఉలిక్కిపడింది.

"తన్నినాడు సార్!"

"అర్థమైందన్నమాట," అని ఆయన తృప్తిగా తలాడించారు. "ఇంత శ్రద్ధగా చూసినవాళ్లు ఈమధ్య లేరు."

"పరీక్షో?" అన్నాడు తాత, మొహంలో ఏ భావమూ లేకుండా.

"ఈ ఒక్కసారికి మినహాయింపు."

పేరు లేని బిళ్ళ ఒకటి ఎనిమిదో మేకుకు ఎక్కింది. అవ్వ దానికి దిష్టి తీసింది.

ఆ తర్వాత గాజులకు ఎవరు పోవాలన్న ప్రశ్న వచ్చింది. సత్యరాజ్ లేవబోతే, తిరిగొచ్చేటప్పుడు పరీక్షలో అతడు నెగ్గుతాడన్న నమ్మకం ఎవరికీ కలగలేదు. చివరకు అందరూ దర్శినిని చూశారు. ఈ దేశంలో ఆమె అంత శిక్షణ పొందిన మనిషి ఇంకొకరు ఉండరని రాఘవేంద్రన్ గారే ఒప్పుకున్నారు. దర్శిని తన బిళ్ళ తీసుకుని, గుమ్మం ముందు కూచుని బూట్లు తొడుక్కుంది.

"సీక్కిరం, తొందరగా రా పాపా," అంది మేనక. "మొండిచేతులతో ఎంతసేపు కూచునేది నేను."

"వస్తా అత్తా," అంది దర్శిని. ఆ మాట మేనకకు తప్ప ఇంకెవరికీ వినబడలేదు.

గేటు దగ్గర వాచ్‌మన్ మణిమారన్ ఆమెను చూసి నవ్వాడు. అదే ఊరివాడు, దర్శినికి అన్న వరస.

"నాయన పాపం మళ్ళీ రాస్తా ఉండాడు. గాజులు ఈడనే ఉండాయి. నువ్వు పోయి క్లాసులో కూచో."

"నేను లోపలి నుంచే గదన్నా వచ్చినా," అంది దర్శిని నేలను చూస్తూ.

"వచ్చినావు గదా. వస్తే బయటిదానివి. గీత దాటి నిలబడి ఉండావు చూడు."

దర్శిని చూసింది. బూటు బొటనవేలు పసుపు గీతకు అవతల ఉంది.

బొమ్మమనిషి ఆ రోజు నాలుగోసారి చచ్చాడు. పాండియన్ రెండోసారి ఫెయిలయ్యాడు. ఈసారి 'రెండో నంబరు షెల్టరు' అని సరిగ్గానే రాసి, అలవాటు కొద్దీ పక్కన 'మా ఇల్లు' అని కూడా రాశాడు. దర్శిని అన్నింటికీ సరైన జవాబులు రాసి బయటికి వచ్చింది. మణిమారన్ గాజుల పెట్టె మీద ఎర్ర అక్షరాల చీటీ ఒకటి జాగ్రత్తగా అంటించాడు: 'పగిలే వస్తువు. రెండు చేతులతో పట్టుకోవలెను.' అంటించి, నాలుగు మూలలా వేలితో నొక్కి, పెట్టె ఆమెకు ఇచ్చాడు.

"పరిగెత్తద్దు పాపా. పరిగెత్తితే కార్డు పోతాది."

దర్శిని పరిగెత్తలేదు. లారీల బాట పక్కన, తెల్లగీత లోపల, నడిచింది. ఆగుము అని రాసిన ప్రతి పలక దగ్గరా ఆగింది. కనుచూపుమేర లారీ లేకపోయినా కుడివైపు, ఎడమవైపు, మళ్ళీ కుడివైపు చూసింది. నడిచినంతసేపూ పెట్టెలో గాజులు సన్నగా గలగలమంటూనే ఉన్నాయి. ఇల్లు కనబడే మలుపులో మొదటి సైరన్ మోగింది. అప్పుడు ఆమె నడక కొంచెం పరుగులా కనిపించి ఉండవచ్చు. చూసినవాళ్లు లేరు కాబట్టి నిర్ధారించలేం.

ఆమె గుమ్మం చేరేసరికి రెండో సైరన్ నడుస్తోంది. గడప ముందు ఇంకో మూడు జతల బూట్లు చేరి ఉన్నాయి. రంధ్రాలు వేసే కూలీలు ముగ్గురు వచ్చి, బిళ్ళలు తగిలించి వంటింట్లో కూచున్నారు. మేనక పీట మీద ఉంది, ఒక చేతికి వేపరెమ్మ, రెండో చేయి మొండి. దర్శిని పెట్టెను సందిట పట్టుకుని, ఒక చేత్తో తాళ్లు విప్పుతూ, రెండో చేత్తో తన బిళ్ళ తగిలించబోయింది.

ఖాళీ మేకు లేదు.

రాఘవేంద్రన్ గారు కూడా పలక వైపు చూశారు. వేలితో ఒక్కొక్క బిళ్ళనూ తాకుతూ లెక్కపెట్టారు. పేరు లేని బిళ్ళ దగ్గర క్షణం ఆగి, దాన్నీ లెక్కపెట్టారు.

"షెల్టరు నిండింది," అన్నారు.

"ఏందయ్యా నిండేది? మా పిల్ల గదా అది!" అని అవ్వ లేచింది.

"అవ్వా, పదికి మించి ఒక్కరు ఎక్కువైనా అందరి ప్రాణాలకూ ప్రమాదం. మొదటి నంబరు షెల్టరు ఖాళీగా ఉంది."

"యాడుండాది అది?"

"గేటు దగ్గర."

పొన్ను మజ్జిగ చెంబు పడేసి వంటింట్లోంచి వచ్చింది గాని, మధ్యలో ముగ్గురు కూలీలు, వాళ్ల మోకాళ్లు, మజ్జిగ గ్లాసులు ఉన్నాయి. కూలీల్లో పెద్దవాడు, "నేను పోతా సార్, పిల్లను లోపలికి రానీండి," అని లేచాడు. బూట్లు లేకుండా గడప దాటకూడదు. అతడు గుమ్మంలో కూచుని తాళ్లు కట్టుకోవడం మొదలుపెట్టాడు. మోకాలిదాకా తాళ్లు. రెండో సైరన్ ఆగింది. రాఘవేంద్రన్ గారు అతణ్ని భుజం పట్టి వెనక్కి లాగారు.

"నేను వస్తా బయటికి!" అంది మేనక.

"మీరు వస్తే ఇద్దరు వచ్చినట్టమ్మా. అప్పుడు ఒక మేకు అనవసరంగా ఖాళీ అవుతుంది."

దర్శిని అప్పుడు నోరు తెరిచింది. ఆ గొంతు విని తాత కూడా తల తిప్పాడు; ఎవరిదో పోల్చుకోలేక.

"సార్! ఇది మా ఇల్లు!"

"తప్పు," అన్నారు రాఘవేంద్రన్ గారు, ఎంతో మృదువుగా. "రెండో నంబరు షెల్టరు. నీకు తెలుసు కన్నూ, ఇందాకే నువ్వు సరిగ్గా రాసినావు."

మూడో సైరన్ మొదలైంది. ఆయన చూపు ఆమె చేతుల మీద పడింది. గాజులకు బిళ్ళ అక్కర్లేదు. అవి మనుషుల కింద రావు. పైగా పెట్టె మీద 'పగిలే వస్తువు' అని ఎర్ర అక్షరాలతో రాసి ఉంది. దర్శిని మీద ఎవరూ అలాంటిదేమీ రాయలేదు. ఆయన పెట్టెను నిబంధన ప్రకారం రెండు చేతులతో అందుకుని, లోపల భద్రంగా పెట్టి, తలుపు వేశారు.