మతం సోకని గంజి

రాజ్యానికి మతం లేదు. అయితే లేనిది ఎక్కడెక్కడ లేదో ఎప్పటికప్పుడు తనిఖీ చేయకపోతే, లేదన్న సంగతి ప్రజలకు తెలిసేదెట్లా? అందుకే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో, వానలు మొహం చాటేసిన ఏడు, ప్రొద్దుటూరులో కరువు సహాయ మతవివేచన విభాగం వెలిసింది. (‘వెలిసింది’ అన్నది దేవుళ్లకు వాడే మాట అని మా పై అధికారి శ్రీపతిగారు అభ్యంతరం తెలిపారు. ‘నెలకొల్పబడింది’ అని చదువుకోగలరు.)

నేను అందులో గుమాస్తాను. మా వంశంలో బి.ఏ. ప్యాసైన మొదటివాణ్ణి కాబట్టి నిబంధనలను మొదటి నుంచి చివరిదాకా చదివేవాణ్ణి. ఇందువల్ల చాలామందికి ఇబ్బంది కలిగింది.

జమ్మలమడుగులో కేశవస్వామి గుడివారు సర్కారు ఇచ్చిన నూకలతో రోజూ నూట నలభై మందికి గంజి పోసేవారు. సర్కారు ధర్మానికి సాయం చేయవచ్చు, మతానికి చేయకూడదు. ఏడో నిబంధన ప్రకారం ఆ నూకలు ‘ఏ దశలోనూ’ మతకార్యానికి వాడరాదు. దశలు చూసి రమ్మని నన్ను పంపారు.

వంట చేసే ఆండాళమ్మ గుండిగలోంచి మొదటి గరిటె ఎత్తి, గర్భగుడి వైపు చూపి, కళ్లు మూసుకుని, ఒకసారి గంట కొట్టింది. ఆ గరిటెడు గంజినీ మళ్లీ గుండిగలోనే పోసి కలిపింది. ఆ తర్వాతే వడ్డన.

"అమ్మా, ఆ గరిటె పక్కన పెట్టకుండా కలిపేసినారే?"

"కలపక పారబోయమంటావా నాయనా? స్వామి చూస్తాడు, అంతే. తాగేది వీళ్లే."

పక్కన పెట్టి ఉంటే మతం ఒక్క గరిటెతో ఆగిపోయేది. కలపడం వల్ల గుండిగ మొత్తానికీ పాకింది. ఆ సంగతి నేను రాసుకుంటుంటే ధర్మకర్త ఆదినారాయణ తొంగిచూశాడు.

"ఏందప్పా, గంజికి గోత్రం గూడా రాస్తాండావా?"

వరుసలో ముందున్న సైదున్నీసా నవ్వింది. ఆమె వెనక ఇద్దరు మనవరాళ్లు, చేతిలో ఒక టిఫిన్ డబ్బా. ఆ ఇంట్లో ముగ్గురికీ రోజుకు అదే తిండి.

"నెలనాళ్ల నుంచి తాగుతాండా సారూ ఈ గంజి. ఒక్క నమాజు గూడా మర్చిపోలే. రాసుకో."

రాసుకుందామంటే ఫారంలో ఆ గడి లేదు.

నా నివేదిక చూసి శ్రీపతిగారు నూకలు ఆపారు. గంట కొట్టకముందే వడ్డిస్తే ఇస్తామన్నారు. "దొంగచాటుగా పోసేందుకు ఇది సారాయా?" అని ఆండాళమ్మ గుండిగను బోర్లించింది. ఇక మిగిలిన దారి ఒక్కటే. చట్టం దృష్టిలో దేవుడు కూడా ఒక వ్యక్తి, ఆయన పేరున భూములుంటాయి. కాబట్టి సదరు గంజివల్ల తాను లబ్ధి పొందలేదని ఆయనే మూడు ప్రతుల్లో ధ్రువీకరించాలి.

ఆదినారాయణ ఆయన తరఫున ఫారం నింపాడు. తండ్రి పేరు వసుదేవుడు. వృత్తి లోకరక్షణ. రక్షణ ప్రభుత్వశాఖల పని అని అది వెనక్కి వచ్చింది. రెండోసారి ‘వృత్తి: లేదు’ అని రాస్తే అభ్యంతరం రాలేదు.

ఈలోగా ఐదు రోజులు గడిచాయి. సైదున్నీసా రోజూ వచ్చి బోర్లించిన గుండిగను చూసి పోయేది. ఐదోనాడు నన్ను ఆపింది.

"మీ దేవునికీ మీ సర్కారుకూ పంచాయితీ యాడిదాకా వచ్చింది సారూ?"

"రేపు అయిపోతుందవ్వా."

"చిన్నది రాత్రంతా ఏడ్చింది. రేపంటే రేపేనా?"

"రేపే."

ఆరోనాడు శుక్రవారం. శ్రీపతిగారు పులివెందుల క్యాంపులో ఉన్నారు. తొలి బస్సుకు పోయి, పదిన్నర కొట్టేసరికి ఫారం ఆయన ముందు పెట్టాను. మూడు ప్రతులూ చదివి మెచ్చుకున్నారు. పెన్ను మూత తీశారు. గడియారం చూసి మళ్లీ పెట్టేశారు.

"రాహుకాలమయ్యా. పన్నెండు దాటనీ."

పన్నెండూ ఐదుకు సంతకమైంది. బస్సు పట్టుకుని జమ్మలమడుగు చేరేసరికి నాలుగైంది. నూకలు వదులుతారని విని సైదున్నీసా మనవరాళ్లతో సహా సర్కారు గోదాము గేటు దగ్గరే కూర్చుంది.

మరునాడు ఆయుధపూజకు సెలవు కాబట్టి గోదాములో ఒకరోజు ముందే పూజ కానిచ్చారు. తక్కెడకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. వాకిట్లో పగిలిన గుమ్మడికాయ. నేను ఉత్తర్వు చూపించాను.

"పూజ చేసిన తక్కెడను దసరా దాటేదాకా కదిలించగూడదప్పా," అన్నాడు గోదాము గుమాస్తా గురునాథం. "సోమవారం రాండి."

నిబంధనల్లో దీనికి జవాబు దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు.

గురునాథం మంచివాడు. పళ్లెంలోంచి ఒక కొబ్బరిచిప్ప తీసి సైదున్నీసా డబ్బాలో వేశాడు. "ప్రసాదం, తీసుకో అవ్వా." ఆమె దాన్ని గేటు రాతికేసి కొట్టి రెండు ముక్కలు చేసి పిల్లలకిచ్చింది. తను ఖాళీ డబ్బాకు మూత పెట్టుకుంది.

ఆ కొబ్బరిలో మతం ఉన్నదీ లేనిదీ విచారించే అధికారం మా విభాగానికి లేదు. అది సర్కారువారి కొబ్బరి.