పాతా? పాటా?

అంకులి ఊళ్ళో ఒక ఇంట్లో ఆ పొద్దుటి తగువు ఒక రేకు డబ్బా గురించి. మూత సొట్టపోయి, అడుగు తుప్పుపట్టిన ఆ డబ్బాలో పావని ఎండుచేపలు దాచుకునేది. మొగుడు జగదీష్ దాన్ని పాత సామాన్లు కొనే కబాడీవాడికి ఇచ్చేశాడు.

"నన్నొక్క మాట అడగొచ్చు కదండీ?"

"పాతదే కదే! ఆర్నెల్లు ఎవరూ ముట్టని వస్తువు చెత్త కిందే లెక్క."

"మీరు సీపురు ముట్టి ఆరేళ్ళయింది. ఇంతకీ సీపురు సెత్తా, మీరా?"

గదిలోంచి జగదీష్ తల్లి కన్నమ్మ అందుకుంది. "ఆడిని కబాడీవోడు తీసుకోడమ్మా. తూకానికి రాడు."

తల్లీ పెళ్ళామూ ఒకటయ్యాక మగాడికి మిగిలేది లాప్‌టాప్ ఒక్కటే. జగదీష్ దాని ముందు కూర్చున్నాడు.

అతనిది ఇంట్లో కూర్చుని సర్వర్లను చూసుకునే ఉద్యోగం. పెద్ద ఇంటిని పోర్షన్లు చేసి అద్దెకిచ్చినట్టు, ఎక్కడో ఉన్న ఓ పెద్ద కంప్యూటర్‌ను చిన్న చిన్న సర్వర్లుగా పంచుతారు. మధ్యన గోడలేమీ ఉండవు, ఉన్నాయని అందరూ నమ్ముతారు, అంతే. వాటిని తెరవడం, ఊడవడం, ఖాళీ చేయించడం అతని పని. అయితే ఒకే పనిని రెండుసార్లు చేయమంటే అతనికి ఒళ్ళుమంట. చెయ్యాల్సినవన్నీ వరుసగా రాసి ఒక స్క్రిప్టు తయారుచేస్తాడు. అది పనిచేస్తుంది, అతను కునుకు తీస్తాడు.

ఆఫీసువి కాక, సొంత ప్రయోగాలకు తీసుకున్న సర్వర్లు కొన్ని ఉండేవి. వాటిలో ఒకటి పావనికిచ్చాడు. పావని అమ్మమ్మ కాసమ్మ సంద్రం ఒడ్డునున్న ఆర్యపల్లిలో చేపలు ఎండబెడుతూ పాడిన పాటలన్నీ అందులో ఉన్నాయి. మొదట అవి పావని ఫోన్లో ఉండేవి. ఫోను నిండిపోయిందని జగదీషే వాటిని సర్వరుకెక్కించి, ఫోన్ని శుభ్రంగా తుడిచిపెట్టాడు. వచ్చే ఆదివారానికి కాసమ్మ పోయి ఏడాది. ఆ రోజు ఆర్యపల్లి వచ్చి అందరికీ ముసలమ్మ గొంతు వినిపిస్తానని పావని పుట్టింటివాళ్ళకు మాటిచ్చింది.

డబ్బా కోపం ఇంకా చల్లారని జగదీష్, పారేయడమంటే ఎలా ఉండాలో చూపిద్దామనుకున్నాడు. పేరులో 'పాత' అని ఉన్న తన సర్వర్లన్నిటినీ తీసెయ్యమని స్క్రిప్టు రాశాడు. నకళ్ళనూ వదలొద్దన్నాడు. చెత్తకు నకలుంటే అదీ చెత్తే కదా! తీసేముందు 'నిజంగానా?' అని యంత్రం అడుగుతుంది. ఆ అడగడం నస అనిపించి, 'అవును' అనే జవాబు కూడా స్క్రిప్టు చేతే చెప్పించాడు.

చేతిలోని టీ చల్లారేలోగా ఊడవడం పూర్తయింది.

"ఏటండీ, అమ్మమ్మ పాటలు రావట్లేదు, సూడండి" అంది పావని.

చూశాడు. ఆ సర్వరే లేదు. పేర్లు పెట్టింది ఇంగ్లీషు అక్షరాల్లో. పీ, ఏ, టీ, ఏ అంటే పాత. పావని సర్వరుకు అతను పెట్టిన పేరూ పీ, ఏ, టీ, ఏ. అది పాట.

సర్వర్లు అద్దెకిచ్చినవాళ్ళకు గుట్టుగా ఫోన్ చేశాడు. "నకళ్ళు కూడా తీసెయ్యమన్నది మీరే కదా సార్" అన్నారు వాళ్ళు, ఎంతో మర్యాదగా.

అప్పుడే చెప్పేయాల్సింది. కాని తప్పును కూడా స్క్రిప్టుకే అప్పజెప్పాడు మహానుభావుడు. పావని మెసేజీలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే రాస్తుంది. వాటిలో పీ, ఏ, టీ, ఏ కనిపిస్తే చాలు, 'రిపేరు జరుగుతోంది, సాయంత్రానికి వచ్చేస్తుంది' అని అతని ఫోను దానంతటదే జవాబిచ్చేలా ఏర్పాటు చేసి, మధ్యాహ్నం నిశ్చింతగా పడుకున్నాడు.

వంటింట్లోంచి పావని మెసేజీ పెట్టింది, 'పాటలు ఏమయ్యాయి?' అని. క్షణంలో జవాబొచ్చింది: రిపేరు జరుగుతోంది. మొగుడి గురక మాత్రం పక్కగదిలోంచి వినిపిస్తూనే ఉంది. పావని ఈసారి పాటల ఊసెత్తకుండా, 'పాత డబ్బా ఎవరికిచ్చారు?' అని రాసింది. రిపేరు జరుగుతోంది, సాయంత్రానికి వచ్చేస్తుంది. 'అత్త పాత సెప్పులు?' అవీ సాయంత్రానికే వచ్చేస్తాయట.

పావని వచ్చి మంచం పక్కన కూర్చుని మొగుణ్ణి తట్టి లేపింది.

"ఏటండీ, అత్త సెప్పులకి కూడా రిపేరేనా?"

జగదీష్ ఫోను తీసి ఆ జవాబులన్నీ చూసుకున్నాడు.

"పాతా పాటా మీ మిషనుకి ఒకటేనన్నమాట. పోయాయా?"

"పోయాయి."

"అన్నీనా?"

"నకళ్ళతో సహా."

పావని లేచి వంటింట్లోకి వెళ్ళి కత్తిపీట ముందేసుకుంది. చేపల పొలుసు గీస్తున్న చప్పుడు ఆగకుండా వినిపించింది. జగదీష్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆ పాటలన్నిటినీ ఫోన్లోంచి సర్వరుకు మోసినవాడు తనే. ఏది ఎంత చోటు పట్టిందో చూశాడు, సరిగా చేరిందో లేదో చూశాడు. ఒక్కదాన్నయినా చివరిదాకా విన్నాడా? ముసలమ్మ దేని గురించి పాడిందని ఎవరైనా అడిగితే చెప్పలేడు.

రాత్రి ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. సంగతి తెలియని కన్నమ్మ అడిగింది, "ఆదివారం అందరికీ ఏ పాట ఇనిపిత్తావు కోడలా?"

"ఇనిపించను అత్తా, నేనే పాడతాను" అంది పావని, మొగుడి కంచంలో పులుసు పోస్తూ. "నాకొచ్చినవి పాటకో ముక్క. మిగిలింది ఆర్యపల్లి ఆడోళ్ళని అడుగుతాను. ముందు ఈయన నిలబడి, పాటలన్నీ నేనే పారబోశాను, మీకొచ్చింది సెప్పండి అని అడుగుతారు. తరవాత ప్రతి పాటా ఈయనే కంఠతా పడతారు."

"నేనా? నా గొంతు సంగతి నీకు తెలుసు కదే!"

"గొంతెందుకండీ? బుర్రలో పెట్టుకోండి."

"హఉ, అవును, ఆడి బుర్రలో బోలెడు కాళీ" అంది కన్నమ్మ.

"ఇప్పుడే మొదలెట్టండి. 'సంద్రం సల్లగుంటె సాలు, సేప లేకున్నా సాలు...' అనండి."

జగదీష్ అన్నాడు. వీధిలో ఓ కుక్క లేచి మొరిగింది. కన్నమ్మ చెవులు మూసుకుంది. అతను ఆగలేదు. రెండుసార్లు, మూడుసార్లు అని, తల వంచుకుని అడిగాడు, "తరవాత ముక్క?"

పావని చెయ్యి అన్నంలో ఆగిపోయింది.

"అదే రాదండీ" అంది. "దానికోసమే ఎల్తన్నాం."