కోడలి కేసు, మామగారి మోకాలు

ఆ ఉదయం కోడలి ప్రణాళిక చిన్నది. ఫోన్‌లో ఇంటర్వ్యూ ముగించాలి, భోజనాల దగ్గర ఇంట్లోవాళ్ళకు సంగతి చెప్పాలి.

ఆమె ఐసీయూలో నర్సు. వైద్య నీతిశాస్త్రంలో పీజీ చేయాలనుకుంది. ఒక కాలేజీ ఆన్‌లైన్ కోర్సులో సీటు ఇచ్చేసింది. ఇంట్లో కూర్చుని వీడియోలు చూస్తే చాలు. రెండో కాలేజీ వేరే ఊళ్ళో ఉంది, అక్కడ రోగి మంచం పక్కన నిలబెట్టి నేర్పుతారు. ఆమె మనసు రెండోదాని మీదే. కాకపోతే రెండేళ్ళు ఇల్లు వదిలి వెళ్తానంటే అత్తమామలు ఏమంటారోనని భయం. ఏ కాలేజీ అన్నది ఆ సాయంత్రంలోగా తేల్చాలి.

ఆ రెండో కాలేజీవాళ్ళు ఇంటర్వ్యూకు ఒక కేసు సిద్ధం చేసుకోమన్నారు. రోగిని కల్పించే ఓపిక లేక, ఈమధ్యే మోకాలికి స్కాన్ తీయించుకున్న మామగారి వివరాలు వాడుకుని, జబ్బొక్కటి మార్చింది. డ్యూటీ మారేటప్పుడు రోగి సంగతి పైకి చెప్పి అప్పగించడం వార్డులో పద్ధతి. ఆ అలవాటు కొద్దీ పడకగదిలో నిలబడి పైకే అప్పజెప్పుకుంది.

"పేషెంట్ రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు. మోకాలు నొప్పని వచ్చారు. స్కాన్‌లో క్యాన్సర్ తేలింది. ఆయనకి చెప్పొద్దని ఇంట్లోవాళ్ళు అంటున్నారు."

తలుపు అవతల రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు కళ్ళజోడు వెతుక్కుంటున్నారు.

ఆయన నేరుగా వంటింట్లోకి వెళ్ళారు. "నీక్కూడా తెలుసన్నమాట," అన్నారు భార్యతో.

"ఏం తెలుసు?"

"నటించకు. నాకు క్యాన్సరట. కోడలు ఎవరికో చెప్తుంటే విన్నాను."

అత్తగారి చేతిలోని గరిటె కింద పడింది. "నాకెవరూ చెప్పలేదండీ!"

"సరే, పోయేలోపు ఒక మాట చెప్పేస్తా. నీ చిలక తనంతట తాను ఎగిరిపోలేదు. దాని గోల భరించలేక నేనే పంజరం తలుపు తీశా."

అత్తగారు కళ్ళు తుడుచుకున్నారు. "పోనీలెండి. ఇప్పుడెందుకవన్నీ."

ఆవిడ కొడుక్కి ఫోన్ చేశారు. కొడుకు భార్యకు చేశాడు. ఎంతసేపటికీ ఎంగేజ్. డాక్టర్లతో మాట్లాడుతోందని తేల్చుకుని, ఆఫీసులో సెలవు చెప్పి, ఆసుపత్రికి వెళ్ళడానికి టాక్సీ మాట్లాడుకుని ఇంటికి వచ్చాడు. తండ్రి బట్టలు సంచిలో సర్దాడు.

అంతలో పడకగది తలుపు తెరుచుకుంది.

"వచ్చేసింది!" అంది కోడలు నవ్వుతూ.

"ఏం వచ్చిందమ్మా, రిపోర్టా?" అన్నారు మామగారు.

ఇక దాచి లాభం లేదనుకుంది ఆమె. "రెండేళ్ళు, మామయ్యా."

"రెండేళ్ళా! నేను నెలలే అనుకున్నా."

"నెలల్లో ఎలా అవుతుంది? పీజీ కదా."

బయట టాక్సీ హారన్ కొట్టింది. కోడలు సంచిని చూసింది, మొగుడి మొహం చూసింది, కేసు సంగతంతా చెప్పింది.

"అయితే నా మోకాలు?"

"అరుగుదల మామయ్యా. రోజూ కాస్త నడవండి."

మొగుడు సంచిలోంచి బట్టలు బయటికి తీశాడు. అత్తగారు కోడల్ని దగ్గరకు లాక్కున్నారు. "రెండేళ్ళు కాదు, నాలుగేళ్ళు చదువుకో తల్లీ. ఇల్లు నేను చూసుకుంటా. టాక్సీ ఎటూ వచ్చింది, బ్యాంకుకెళ్ళి ఫీజు కట్టి రండి."

మామగారు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని కుర్చీలో వాలారు. "గండం గడిచింది. కాస్త కాఫీ ఇస్తావా?"

"చిలక సంగతి తేలాక," అన్నారు అత్తగారు.

"పోనీలే అన్నావుగా!"

"అది పోయేవాడితో అన్నాను. మీతో కాదు."

కోర్సులో రాయాల్సిన మొదటి వ్యాసానికి కోడలు కేసు వెతుక్కోలేదు.