గోడమీద ఒక్కడే నిటారుగా

"పర్మినెంట్ చేస్తారట! ఇవాళ పదింటికి అధికారి నా పాఠం చూడ్డానికొస్తున్నారు!"

ఫోన్ పెట్టేసి ఆమె గిర్రున తిరిగింది. పెళ్ళై నలభై రోజులైన భర్త నోట్లో బ్రష్షుతోనే ఆమెతోపాటు తిరిగాడు. తాత్కాలిక సైన్సు టీచరుగా ఆమె మూడేళ్ళు ఎదురుచూసిన కబురది.

"ఏం చెప్తావ్?"

"వెలుగు గురించి. మనుషులు తెలుసుకున్న వరసలోనే చెప్తా. కంట్లోంచి వెలుగు బయటికెళ్తుందని ఒకప్పుడు పండితులే అనుకున్నారు. వెయ్యేళ్ళ కిందట ఒకాయన చీకటిగదిలో పరీక్షించి, కాదు, వెలుగే కంట్లోకొస్తుందన్నాడు. పిల్లలు కూడా ముందు ఆ తప్పు చెయ్యాలి."

చిన్నప్పుడు వేసవి మధ్యాహ్నాల్లో అమ్మమ్మ తలుపులన్నీ మూసేసేది. కిటికీ చెక్కకున్న కంతలోంచి వీధి వీధంతా గోడమీద తలకిందులుగా నడిచేది. నిద్రపోకుండా అది చూసినందుకు తిన్న తిట్లు ఆమెకి ఇప్పటికీ తియ్యగానే ఉన్నాయి.

"నువ్వు బడి ఎదుట ఎండలో నిలబడు. పిల్లలకి తలకిందులుగా కనిపిస్తావ్."

ఊరికి కొత్తల్లుడై ఉండి పిల్లలకి తలకిందులుగా కనిపించడం అతనికి నచ్చలేదు. చాలాసేపు ఆలోచించాడు.

పదింటికి, నల్లకాగితాలు అంటించిన గదిలో, "కంట్లోంచే!" అని ముప్పైమంది చేతులెత్తారు. ఆమె కిటికీ కాగితంలో చేసిన కంత తెరిచింది. గోడమీద సైకిళ్ళు చక్రాలు పైకెత్తుకుని పోతున్నాయి. మధ్యలో భర్త మాత్రం నిటారుగా ఉన్నాడు.

"టీచర్, ఆయనొక్కడే సరిగ్గా ఉన్నాడేంటి? మీ చీకటిగది పండితుడు తప్పా?"

ఆమె కంత వైపు నడిచింది. ఇంతలో బయట కేకలు. "మూర్ఛ! నీళ్ళు కొట్టండి!"

"మూర్ఛ కాదండీ, నేను టీచరుగారి మొగుణ్ణి!"

"పాపం, ఏదో కలవరిస్తున్నాడు!"

గోడమీద జనం మూగారు. సంచీ పక్కన పడేసి ఒక పెద్దమనిషి అతని కాళ్ళు పట్టుకున్నాడు. వెనక కూర్చున్న హెడ్మిస్ట్రెస్ గుండెమీద చెయ్యేసుకుంది. "అమ్మాయ్, ఆయనే అధికారి!"

కాసేపటికి తడిసిన చొక్కాతో అధికారి వచ్చాడు. వెనకే నెత్తినిండా మట్టితో భర్త. తిట్టబోయిన అధికారి గోడ చూసి తలుపు నెమ్మదిగా మూశాడు.

"బయట ఈయన తలకిందులుగా ఉన్నారు సార్, అందుకే లోపల నిటారుగా కనిపించారు!" అని ఒక పిల్ల అరిచింది. "వెలుగు బయటినుంచే వస్తోంది!"

అధికారి గోడకి దగ్గరగా వెళ్ళాడు. "నాకు తట్టు పోసినప్పుడు చీకటిగదిలో ఇదే చూశాను. జ్వరం మాటలని మా అన్నయ్య నవ్వాడు. యాభయ్యేళ్ళయింది."

ఆమెని పర్మినెంట్ చేసే కాగితంమీద సంతకం చేసి, కలం జేబులో పెట్టుకున్నాడు.

"రేపు పదింటికి ఇదే పాఠం చెప్పమ్మా. అన్నయ్యని తీసుకొచ్చి లోపల కూర్చోబెడతాను. నేను బయటుంటాను."

తర్వాత భర్త వైపు తిరిగాడు.

"నా కాళ్ళు మీరు పట్టుకోవాలి."