అరువు వస్తువుల సంచి

నేను సంచి సర్దుతుంటే మా ఆయన గుమ్మానికి ఆనుకుని చూస్తున్నారు. ఆయన ఊరికే చూస్తున్నారంటే ఏదో అనబోతున్నారని అర్థం. ముప్ఫై ఆరేళ్ళు బస్సు కండక్టరుగా పనిచేసిన మనిషి. ఎక్కినవాళ్ళని ఏదో ఒకటి అనకుండా ఏనాడూ దింపలేదు.

"అమ్మాయి కాన్పుకి వెళుతోందా, కాపురానికి వెళుతోందా?"

"ఐదు రోజులు ఉండాలట. ఐదు రోజులకి సరిపడా పెడుతున్నాను."

"మరి ఆ కత్తెర ఎందుకు? డాక్టరమ్మ దగ్గర ఉండదా?"

"మీ నోటికి అడ్డూ ఆపూ లేదా? అది కింది వాటాలో దర్జీ ఆవిడది. అడిగి తెచ్చాను."

"ఆపరేషనుకి అరువు కత్తెరా. అయితే ఇక నేను కూడా కంగారు పడాల్సిందే."

కత్తెర కింద ఎదురింటి టీచరమ్మ ఫ్లాస్కు ఉంది. అందులో చల్లటిది పోస్తే చల్లగా ఉంటుంది, వేడిది పోసినా చల్లగానే ఉంటుంది. దాని కింద గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకం, తేనెటీగల పెంపకం మీద. మా ఇంట్లో ఈగలున్నాయి గానీ తేనెటీగలు లేవు.

"చదువుకోవడానికి," అన్నాను, ఆయన అడగకముందే.

చదువు విషయంలో మాత్రం ఆయన నన్నేమీ అనరు. నేను బడికి వెళ్ళలేదు. పొట్లాల కాగితాలు, మందుసీసాల మీది చీటీలు కూడబలుక్కుని నాకు నేనే నేర్చుకున్నాను. అంచేత ఏది అచ్చయితే అది నమ్ముతాను. భయపెట్టేదైతే మరీను.

ఆయనకి చెప్పని సంగతి మీకు చెబుతాను. మా అమ్మాయి కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందని ఆయనకీ తెలుసు. కోసి తీయాలన్నారు. మంగళవారం ఉదయం తొమ్మిదింటికి రమ్మని, సినిమా టికెట్టు చింపి ఇచ్చినట్టు చీటీ ఇచ్చారు. నా భయం ఒక్కటే. కాన్పుకని సంచి పట్టుకుని వెళ్ళినవాళ్ళందరూ తిరిగి రారు. ఇది అచ్చులో చదివింది కాదు. చిన్నప్పుడు మా అమ్మ వెళుతుంటే గుమ్మంలో నిలబడి చూసింది.

అందుకే ఒక ఉపాయం కనిపెట్టాను. మా ఇంటి ఆడవాళ్ళకి ఒక జబ్బుంది. అరువు తెచ్చిన వస్తువు తిరిగి ఇచ్చేదాకా ముద్ద దిగదు. మా అమ్మ అంతే, నేను అంతే, మా అమ్మాయి అంతకంటే ఒక మెట్టు పైన. సంచిలో ముగ్గురి వస్తువులుంటే, వాటిని ఇవ్వడానికైనా మనిషి ఇంటికి రావాలి కదా.

ఇది విని మీరు నవ్వుకున్నా నాకేం ఫరవాలేదు.

మంగళవారం తొమ్మిదింటికి లోపలికి తీసుకెళ్ళారు. గోడమీది సూచనలన్నీ పదకొండుసార్లు చదివాను. 'ఇచ్చట ఉమ్మరాదు' అన్నది కూడా నన్నే బెదిరిస్తున్నట్టు అనిపించింది. పదింపావుకి ఆడపిల్ల పుట్టిందన్నారు. అమ్మాయి కళ్ళు తెరిచే ఉందన్నారు.

మధ్యాహ్నం మత్తు తాలూకు వణుకు తగ్గాక అమ్మాయే చెప్పింది. "మధ్యలో తెర కట్టారమ్మా. నడుము కింద ఏదీ నాది కాదు. నొప్పి లేదు గానీ లోపల ఒకటే లాగడం. నువ్వు కళ్ళజోడు కోసం సొరుగు వెతుకుతావు చూడు, అచ్చం అలా."

"నేను అంత గట్టిగా వెతకను."

"వాళ్ళకి దొరికింది. నీకు దొరకదు, అంతే తేడా."

ఆ ముక్క అని నవ్వబోయి, "అబ్బా" అంటూ కడుపు పట్టుకుంది. అక్కడ మొదలైంది అసలు చిక్కు. పచ్చి కుట్ల మీద దగ్గకూడదు, తుమ్మకూడదు, నవ్వకూడదు. దాని తండ్రి చూస్తే ఇలాంటి మనిషి. నేను ఆయన్ని వరండాలో కూర్చోబెట్టి, లోపలికి రావాలంటే నోరు మూసుకుని రావాలన్నాను. ఆయన పెదవులు బిగించుకుని, రెండు చేతులూ కట్టుకుని వచ్చి నిలబడ్డారు. ఆ అవతారం చూసి అమ్మాయికి ఇంకా నవ్వొచ్చింది. నర్సు ఒక దిండు తెచ్చి దాని కడుపు మీద పెట్టింది.

"నవ్వొస్తే దీన్ని గట్టిగా అదుముకో. నవ్వడం మాత్రం మానకు."

ఆ వార్డులో నాలుగు మంచాలు. నలుగురూ కోయించుకుని కన్నవాళ్ళే. నలుగురికీ నాలుగు దిండ్లు.

మర్నాడు నర్సు అమ్మాయిని లేపి నిలబెట్టింది. కుట్లు విడిపోతాయి, నెల రోజులు కదలకూడదు అని నేను అడ్డం పడ్డాను. "మీరు ఎక్కడ చదివారు?" అంది నర్సు. ఎక్కడ చదివానో గుర్తు రాలేదు. అమ్మాయి కొక్కెంలా వంగి, పళ్ళు బిగించి, మంచం నుంచి కుర్చీ దాకా వెళ్ళింది. రెండడుగులు. నుదుటి మీది చెమట తుడుచుకుని, "ఇంతేనా," అంది. అంతే కాదని దాని ముఖం చూస్తే తెలుస్తోంది.

నర్సు గంటకోసారి వచ్చి, "గాలి పోయిందా?" అని అడిగేది. పోతేనే తిండి పెడతారట. గురువారం ఉదయం పోయింది. పరీక్ష పాసైనట్టు మా ఆయన వరండా అంతా చెప్పి వచ్చారు. అల్లుడు కళ్ళు తుడుచుకున్నాడు. పిల్ల పుట్టినప్పుడు కూడా అంత సంబరం జరగలేదు.

ఆ మధ్యాహ్నమే దువ్వెన కోసమని అమ్మాయి సంచిలో చెయ్యి పెట్టింది.

"అమ్మా, ఈ తేనెటీగలు నాకెందుకు?"

నేను కిటికీ వైపు చూశాను.

"ఈ ఫ్లాస్కు టీచరమ్మది కదూ? ఈ కత్తెర?" ఒక్కొక్కటీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. గొంతు తగ్గించి, "అమ్మమ్మ వెళ్ళిపోయిందని నాకు ఇవన్నీ కట్టి పంపావా?" అంది.

"తాడు కట్టి పంపడానికి ఒప్పుకోవుగా," అన్నాను.

అది నవ్వలేదు. "నాన్నా," అని పిలిచింది. "వీళ్ళందరినీ రేపు నాలుగింటికి ఇక్కడికి రమ్మను. ఎవరివి వాళ్ళకి నా చేత్తో ఇస్తాను."

"ఇంటికెళ్ళి ఇద్దువుగానీ," అన్నాను.

"ఇక్కడే ఇస్తాను."

శుక్రవారం నాలుగింటికి అందరూ వచ్చారు. పిలవకుండా వచ్చినావిడ కూడా ఒకరున్నారు, అల్లుడి మేనత్త. మా ఇంట్లో తేలికత్తయ్య అంటాం. ఇంకొకళ్ళు చేసిన పని ఏదైనా ఆవిడకి తేలికే. వస్తూనే కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, మంచమంతా తనే కూర్చుంది.

"ఏమే అమ్మాయ్, తేలిగ్గా బయటపడ్డావు. నొప్పుల్లేవు, గోల లేదు. మత్తిచ్చారు, కోశారు, చేతిలో పెట్టారు. మా రోజుల్లో కనడమంటే కనడమే."

నాకు ఒళ్ళు మండింది. అమ్మాయి మాత్రం దిండు దగ్గరికి లాక్కుని నెమ్మదిగా అంది.

"అవునత్తయ్యా, తేలికే. ఇటు నుంచి అటు ఒత్తిగిలాలంటే అరగంట ముందు నిర్ణయించుకోవాలి. పిల్ల ఏడిస్తే అది అక్కడ, నేనిక్కడ, మధ్యలో కుట్లు. పాలు పడతాయో లేదోనని రెండు రోజులు ఏడుపు. గాలి పోయిందో లేదో ఊరందరికీ చెప్పాలి. ఇన్ని పడ్డాక కూడా ఇది కనడం కాదంటే, ఆ పిల్ల ఎక్కణ్ణుంచి వచ్చిందో మీరే చెప్పండి. కోసింది వాళ్ళు. కోయించుకున్నది నేను. కన్నది కూడా నేనే."

"బాగా చెప్పావు," అంది పక్క మంచం ఆవిడ. "మా ఇంటికీ వచ్చి కాస్త చెప్పిపో."

"కోసి కుట్టినదాని సంగతి నన్నడగండి," అంది దర్జీ ఆవిడ.

తేలికత్తయ్య నోరు తెరవబోయింది. గ్రంథాలయం పెద్దమనిషి అలవాటుకొద్దీ వేలు పెదవుల మీద పెట్టి, "హుష్," అన్నాడు. ఆవిడ నోరు మూసుకుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అల్లుడు ఆ దృశ్యం కోసమే బతికాడట.

అప్పుడు మా ఆయన రంగంలోకి దిగారు. దర్జీ ఆవిడని మంచం కాళ్ళ దగ్గర, టీచరమ్మని వార్డు గుమ్మంలో, పుస్తకం పెద్దమనిషిని వరండా చివర నిలబెట్టారు. ఇవన్నీ బస్సు స్టాపులట.

"రైట్ రైట్. మొదటి స్టాపు, కత్తెర. దిగేవాళ్ళు దిగాలి, తోసుకోకూడదు."

అమ్మాయి ఒక చేత్తో దిండు అదుముకుని లేచింది. కత్తెర ఇచ్చింది. నేను వెనకే చేతులు చాచుకుని వెళుతుంటే, "ఫుట్‌బోర్డు మీద వేలాడరాదు," అన్నారు ఆయన నాతో. మిగతా మూడు మంచాల మీద మూడు దిండ్లు ఒక్కసారిగా కడుపులకి అతుక్కున్నాయి. గుమ్మంలో ఫ్లాస్కు ఇచ్చి, గోడ పట్టుకుని ఊపిరి తీసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. చెయ్యి అందివ్వబోతే వద్దంది. వరండా చివరిదాకా తనే నడిచి తేనెటీగల్ని అప్పగించింది.

అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం చేతులు రాలేదు. ఇప్పుడు సంచిలో అరువు వస్తువు ఒక్కటీ లేదు. మనిషి ఇంటికి రావడానికి పూచీ ఏమిటి?

బల్లమీద తేలికత్తయ్య కళ్ళజోడు కనిపించింది. ఎవరూ చూడకుండా తీసి సంచి అడుక్కి తోశాను. నా జన్మలో చేసిన దొంగతనం అదొక్కటే.

శనివారం ఇంటికి పంపించారు. మాది రెండో అంతస్తు, నలభై నాలుగు మెట్లు. అల్లుడు పిల్లని ఎత్తుకున్నాడు. అమ్మాయి కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతోంది. నేను నిశ్చింతగా సంచి పట్టుకుని వెనక నడిచాను. ఈ మెట్లెక్కిస్తున్నది కళ్ళజోడేనని నాకు మాత్రమే తెలుసు.

గుమ్మం దాటి, అది మంచం మీద కూర్చున్నాక, వంటింట్లోకి వెళ్ళి సంచి తిరగేశాను. దులిపాను. మళ్ళీ దులిపాను.

"వెతక్కమ్మా," అంది అమ్మాయి పక్కగదిలోంచి. "అత్తయ్య కళ్ళజోడు నిన్ననే నాన్నకిచ్చి పంపాను. ఆవిడ ఆసుపత్రి మెట్లు కనిపించక కిందికి దిగలేక నిలబడి ఉంది పాపం."

"దిగడం తేలికే కదండీ అన్నాను," అన్నారు మా ఆయన.

"అయితే సంచిలో..."

"అన్నీ నావే. నా దువ్వెన, నా తువ్వాలు, నా బట్టలు. ఇంకొకళ్ళ పుల్లముక్క కూడా లేదు. అయినా వచ్చాను. నా కాళ్ళతో వచ్చాను. చూసుకో."

నేను తలవంచుకుని సంచి మడతపెట్టాను.

మా అమ్మ సంచిలో కూడా అన్నీ ఆవిడవే. దువ్వెన, తువ్వాలు, రెండు జతల బట్టలు. పక్కింటివాళ్ళ గరిటె ముందురోజే ఇచ్చేసింది. నొప్పులు మొదలైన మూడో రోజున బయల్దేరింది. వెళ్ళిన చోట కోసి తీసేవాళ్ళు లేరు. మా అమ్మ తిరిగి రాలేదు. అప్పుడు నాకు ఏడేళ్ళు. వానాకాలం, బుధవారం.